ఎడమ చెవి గాటు

"ఈ చెవి ఎవరిదో చెప్పండి అత్తయ్యా."

సొలొంగో ఫోన్‌ను దుల్మా ముఖానికి దగ్గరగా పెట్టింది. బూట్ల దుమ్ము దులపలేదు, తలగుడ్డ విప్పలేదు. మోటారు బండిని గెర్ గుడారం తలుపు ముందే పడేసి వచ్చింది. దాని వెనక చక్రం బయట ఇంకా తిరుగుతూనే ఉంది.

దుల్మా పొయ్యి ముందు నుంచి లేవలేదు. కళాయిలోని పాల టీని గరిటెతో పైకెత్తి పోస్తూ, ఫోన్ వైపు చూసీ చూడనట్టు చూసింది.

"గొర్రె చెవిలా ఉంది."

"గొర్రెదే. ఎవరి గొర్రెది?"

"నా కళ్ళకేం కనబడుతుందమ్మాయ్. ముసలిదాన్ని."

పొద్దున సూదిలో దారం ఒక్క విసురుకే ఎక్కించిన కళ్ళవి. ఆ సంగతి ఎక్కించిన ఆవిడకూ తెలుసు, పక్కనే కూర్చుని చూసిన కోడలికీ తెలుసు.

"చెవి కొస చీల్చి, కింద చిన్న గాటు. ఎడమ చెవికే. మామయ్యగారి నాన్న పెట్టిన గుర్తు ఇది. ఈ లోయలో ఇంకెవరూ వాడరు. మా చెల్లెలు ఉయంగ వాళ్ళ దొడ్డిలో మూడు గొర్రెలకు ఉంది. ఇప్పుడే తీసుకుని వస్తున్నాను ఈ ఫొటో."

దుల్మా చేతిలో గరిటె ఆగింది. టీ పొంగి కళాయి అంచుదాకా వచ్చింది. ఆవిడ పట్టించుకోలేదు.

"మీ చెల్లెలికి జ్వరం తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గలేదు."

"కడుపు పోయిన దిగులు. ఒంటికి పట్టింది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది."

"దిగులుకు జ్వరం సరిగ్గా పొద్దువాలే వేళకు రాదత్తయ్యా. పరుపు పిండుకునేంత చెమట పట్టదు. మోకాళ్ళు పట్టేసి, పాతికేళ్ళ పిల్ల గోడ పట్టుకుని నడవదు. ఇవన్నీ ఎప్పుడు వస్తాయో ఊరందరికీ తిరిగి తిరిగి చెప్పేది నేను. నాకు చెప్పకండి."

అవును, చెప్పేది ఈ లోయ ఆరోగ్య కార్యకర్త సొలొంగోయే. రెండు వసంతాలుగా ఈ లోయలో ప్రతి గెర్‌కూ ఆమె బండి వెళ్ళింది. నెలలు నిండకుండా గొర్రె ఈసుకుపోతే ఆ రోగం మనుషులకూ అంటుతుందనీ, ఉత్త చేతులతో ముట్టుకోవద్దనీ, పాలు కాచకుండా తాగొద్దనీ, వెంటనే తనకు కబురు పెట్టమనీ చెప్పి చెప్పి ఆమె గొంతు బొంగురుపోయింది. అరచేతికి గోధుమపిండి రాసుకుని వచ్చేది. తలుపు ముట్టుకునేది, టీ గిన్నె అందుకునేది, పిల్లవాడి బుగ్గ నిమిరేది. ఆ తర్వాత అందరికీ చూపించేది, పిండి ఎక్కడెక్కడికి పోయిందో, రోగమూ అలాగే పోతుందని. జనం పగలబడి నవ్వేవాళ్ళు. నవ్వినా గుర్తుపెట్టుకున్నారు. పోయిన ఆకురాలు కాలంలో ఆమె ఇంటి దొడ్డికే 'రోగం లేని మంద' అని నీలం రంగు బోర్డు కొట్టి వెళ్ళారు పశువుల డాక్టర్లు. రేపు చుట్టుపక్కల ఆరోగ్య కార్యకర్తలంతా శిక్షణకు వచ్చేది ఆ బోర్డు కిందికే.

"ఆయన ఏడీ?" అంది సొలొంగో.

"గుర్రాలు కనబడట్లేదని పోయాడు. నువ్వు చెల్లెలి దగ్గరికి బయల్దేరక ముందే పోయాడు కదా."

"ఇంత పొద్దెక్కేదాకానా?"

"గుర్రాలకు చెప్పు, తొందరగా దొరకమని."

మామూలు రోజైతే ఈ మాటకు ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. దుల్మా నోరు అలాంటిది, సొలొంగో ఆ నోటిని ఇష్టపడి ఈ ఇంట్లో పదేళ్ళు కాపురం చేసింది. ఈరోజు నవ్వు రాలేదు. అత్తగారికి తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

బయట బండి చప్పుడైంది. దవా లోపలికి వంగి వచ్చాడు. భార్య ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు, టోపీ తీసి పెట్టె మీద పెట్టాడు.

"గుర్రాలు దొరికాయా?" అంది సొలొంగో.

"దొరికాయి."

"గొర్రెలు కూడా దొరికాయి. మనవే మూడు. ఉయంగ దొడ్డిలో."

దవా కూర్చున్నాడు. తల్లి గిన్నెలో టీ పోసి ఇస్తే రెండు చేతులా అందుకున్నాడు. తాగలేదు.

"ఎప్పుడు ఇచ్చావు?"

"నువ్వు శిక్షణకని పట్నం వెళ్ళినప్పుడు."

"ఎందుకు ఇచ్చావు?"

"తోమోర్ పరిస్థితి నీకు తెలియనిదా? పోయిన చలికి మంద సగం పైగా చచ్చింది. ఈనిన తల్లులు చచ్చి పిల్లలు మిగిలాయి. పాలిచ్చే దిక్కులేదు. తోడల్లుడు కదా అని..."

"నేనడిగింది అది కాదు. మన గొర్రెలకు పిల్లలేవీ?"

దవా గిన్నెలోకి చూశాడు.

"మూడూ ఈసుకుపోయాయి కదూ?"

పొయ్యిలో ఎండు పేడ చిటపటమంది. దుల్మా లేచి, అవసరం లేకపోయినా, తలుపు కాస్త తెరిచి వచ్చి కూర్చుంది.

"ఆ పిల్లల్ని ఏం చేశావు? కుక్కలకు వేశావా?"

"లేదు." ఈసారి జవాబు వెంటనే వచ్చింది. ఈ ఒక్క ప్రశ్నకైనా తలెత్తుకోగలిగినందుకు అతనికి ఊపిరి ఆడినట్టుంది. "లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాను. సున్నం చల్లాను. నువ్వు చెప్పినట్టే చేశాను సొలొంగో."

"నేను చెప్పినట్టే."

"అంతా నువ్వు చెప్పినట్టే."

"గ్లౌజులు వేసుకున్నావా?"

అతను ఆలస్యంగా తలూపాడు.

"మాస్కు?"

"కట్టుకున్నాను."

సొలొంగో కూర్చుండిపోయింది. అతను మర్చిపోయి ఉంటే బాగుండేది. అసలు వినలేదని, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాడని తెలిస్తే ఆమె తిట్టేది, ఏడ్చేది, చివరికి ఊరుకునేది. అతను అన్నీ విన్నాడు. ఒక్కటీ మర్చిపోలేదు. తన చేతులకు గ్లౌజులు వేసుకుని, తన మూతికి గుడ్డ కట్టుకుని, ఆ గొర్రెల్ని తీసుకెళ్ళి కడుపుతో ఉన్న ఆమె చెల్లెలి ముందు దింపాడు.

ఎవరి ముందు దింపితే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. పిల్ల పోయిన గొర్రె ఇంకో పిల్లను దగ్గరికి రానివ్వదు, పొడుస్తుంది. అలాంటి గొర్రెను ఒప్పించడంలో ఈ లోయలో ఉయంగకు సాటి లేదు. తల్లి లేని పిల్లను ఒళ్ళో పెట్టుకుని, గొర్రె మాయనీళ్ళు చేత్తో తీసి పిల్ల వీపుకు పూస్తుంది. గొర్రె మెడ కౌగిలించుకుని 'తోయిగ్, తోయిగ్' అని పాట అందుకుంటుంది. గంటసేపైనా, పూటైనా. ఆఖరికి గొర్రె ఆ పిల్లను వాసన చూసి, తనదే అనుకుని, కదలకుండా నిలబడి పాలిస్తుంది. ఉయంగ గొంతుకు గొర్రె కళ్ళల్లో నీళ్ళు రావడం సొలొంగో స్వయంగా చూసింది.

"అది ముట్టుకుంటుందని తెలిసే ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చాను. మూడు గొర్రెలకు పాలున్నాయి, వాళ్ళకు పిల్లలున్నాయి. మన దొడ్డిలో ఉంటే నువ్వు వచ్చీ రాగానే కబురు పెడతావు. డాక్టర్లు వస్తారు, బోర్డు పీకుతారు. ఊరంతటికీ చెప్పే మనిషి ఇంట్లోనే రోగం అంటారు. నీ పరువు..."

"నా పరువు పేరెత్తకు."

"నీ పేరు చెప్పకపోతే ఉయంగ ముట్టుకునేది కాదు," అన్నాడు దవా మెల్లగా. ఒకసారి నోరు విప్పాక ఇక ఆపడం అతని చేత కాలేదు. "అక్క పరీక్ష చేయించింది, గొర్రెలు శుభ్రంగా ఉన్నాయి, గ్లౌజుల అవసరం లేదు అని చెప్పాను. నేనే చెప్పాను. తోమోర్‌కు ఏమీ తెలియదు. తప్పంతా నాది."

ఆ తోమోర్ మాట ఎవరూ అడగకుండానే వచ్చింది. సొలొంగో అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

ఇంతసేపూ ఊరుకున్న దుల్మా గొంతు సవరించుకుంది.

"ఇలా విను కోడలా. జరిగింది జరిగిపోయింది. ఉయంగ ఇప్పటికీ గొర్రెలు నువ్వే పంపావని అనుకుంటోంది. అనుకోనీ. పరీక్షలో పొరపాటైంది, నాకూ తెలియలేదు అని ఒక్కమాట అను. నీ పొరపాటైతే మీ చెల్లెలు క్షమిస్తుంది. సొంత అక్కవి. వీడి అబద్ధమంటే రెండిళ్ళకూ మాటలుండవు. పచ్చిక మేపులకు పక్కపక్కన దిగేవాళ్ళం, ఎటు పోతాం?"

"నన్ను నెత్తిన వేసుకోమంటున్నారు."

"నీకు బరువు కాదు. ఆడబిడ్డలు లేని ఇంట్లో నిన్ను నా బిడ్డలాగే చూసుకున్నాను. ఆ మాట నీకు గుర్తు లేదని నేననుకోను."

"గుర్తుంది. అందుకే అడుగుతున్నాను. మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

దుల్మా పొయ్యిలోకి చూసింది. "గొయ్యి తీసినప్పుడు దీపం పట్టుకుంది నేనే," అంది చివరికి.

సొలొంగో లేచి తలగుడ్డ బిగించి కట్టుకుంది.

"పద," అంది భర్తతో.

"ఎక్కడికి?"

"నువ్వు గొర్రెల్ని దింపిన చోటికి."

*

దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. రెండు బండ్లు, మధ్యలో ఎర్ర దుమ్ము. వసంతంలో మా వైపు గాలికి కనికరం ఉండదు. కంట్లో పడిన ఇసుకకు ఏడుస్తున్నారో, ఇంకెందుకైనా ఏడుస్తున్నారో చూసినవాళ్ళకు తెలియదు. సొలొంగోకు ఆరోజు అది కలిసొచ్చింది.

"కుక్కను పట్టుకోండి," అని దూరం నుంచే కేకేసింది.

తోమోర్ బయటికి వచ్చి కుక్కను మెడ దగ్గర పట్టుకున్నాడు. మంచి పొడగరి, కానీ చలికాలం తర్వాత భుజాలు కుంగిపోయాయి. "రా వదినా," అన్నాడు. ఆమె వెనక దవా బండి దిగాడు. తోమోర్ అతనికి తల మాత్రం ఊపాడు. పలకరింపుగా ఇచ్చిపుచ్చుకునే నశ్యం డబ్బీ తీయలేదు. దవా కూడా తీయలేదు. మందలు ఎలా ఉన్నాయి, వసంతం ఎలా సాగుతోంది అని ఒక్కమాటా అడగలేదు.

పొద్దున ఒకసారి పలకరించుకున్నవాళ్ళే మళ్ళీ పలకరించుకోరు.

సొలొంగో తలుపు దగ్గర ఆగి ఇద్దరినీ చూసింది. దొరికిన గుర్రాల సంగతి ఇప్పుడు ఆమెకు అర్థమైంది. తాను ఇక్కడ ఉయంగకు చారు తాగిస్తున్నప్పుడు తోమోర్ కూడా ఇంట్లో లేడు.

గెర్ లోపల కుడివైపు మంచం మీద ఉయంగ పడుకుని ఉంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. తల దగ్గర, సిగ్నల్ దొరికే చోట చూసుకుని, పైకప్పు కర్రకు చిన్న సంచిలో ఫోన్ వేలాడదీశారు. దాని పక్కనే ఇంకో మేకుకు సొలొంగో ఇచ్చిన గ్లౌజుల జత వేలాడుతోంది.

"మళ్ళీ వచ్చావేం అక్కా? ఇప్పుడే కదా పోయావు. నా మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"నీ చారు ఉప్పగా ఉందని తిట్టావుగా. మళ్ళీ చేద్దామని."

"ఉప్పు కాదు. మా ఆయన వంట తిని తిని నా నాలుకే పాడైంది." ఉయంగ నవ్వబోయి, నడుము పట్టుకుని ఆగింది. తలుపు దగ్గర నిలబడిన దవాను చూసింది. "బావ కూడా వచ్చాడే. కూర్చో బావా. అందరూ కలిసొస్తే నేను పోతున్నానేమో అనిపిస్తోంది."

ఎవరూ నవ్వలేదు.

సొలొంగో మంచం అంచున కూర్చుంది. చెల్లెలి చేయి పట్టుకుంది. ఈరోజు పొద్దువాలక ముందే పొయ్యి రాయిలా కాలుతోంది.

"ఒక్కమాట అడుగుతాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ నిన్ను గొర్రెల గురించి అడిగిందా?"

ఉయంగ కళ్ళు పక్కకు తిప్పుకుంది.

"అడిగింది."

"ఏమని?"

"ఈ ఏడు ఏవైనా ఈసుకుపోయాయా, ఉత్త చేతులతో ముట్టుకున్నావా అని."

"నువ్వేమన్నావు?"

"లేదన్నాను."

"ఎందుకమ్మా? అది తెలిస్తేనే కదా సరైన మందు ఇచ్చేది. వాళ్ళు నీకు జలుబు మాత్రలిచ్చి పంపారు."

"అవునని అంటే ఎవరి గొర్రెలు అని అడుగుతుంది. ఎవరు పంపారు అని అడుగుతుంది." ఉయంగ గొంతు తగ్గించింది, మగవాళ్ళు వినకూడదన్నట్టు. వాళ్ళు రెండడుగుల దూరంలోనే ఉన్నారు. "నీ పేరు చెప్పాలి కదక్కా. నువ్వు పరీక్ష చేయించి పంపిన గొర్రెలు. ఎక్కడో పొరపాటు పడ్డావు. మనుషులన్నాక పడరా? ఊరంతా నిన్ను నమ్ముతోంది. నా నోటితో దాన్ని ఎలా పోగొడతాను?"

సొలొంగో చెల్లెలి నుదుటికి అంటుకున్న జుట్టును వెనక్కి తోసింది.

ఈ పిల్ల బిడ్డను పోగొట్టుకుని, ఆసుపత్రి మంచం మీద పడి ఉండి, అక్క పరువు కాపాడింది. అక్క చేయని పనికి. తనకు అందాల్సిన మందును తానే ఆపుకుంది. దవా ఆడిన అబద్ధం చూడండి, ఎక్కడిదాకా నడిచి వెళ్ళిందో. అరచేతి పిండి కూడా అంత దూరం పోలేదు.

దవా తలుపు దగ్గరి నుంచి భార్యనే చూస్తున్నాడు. అతను చేతులు జోడించలేదు కానీ, చూపు ఆ పనే చేసింది. ఒక్కమాట చాలు. పొరపాటైందమ్మా అంటే చాలు. చెల్లెలు ఇప్పటికే క్షమించేసి ఉంది. ఆ క్షమాపణ తీసుకుని, రహస్యంగా మందులు తెప్పించి, రేపు నీలం బోర్డు కింద నిలబడి చేతికి పిండి రాసుకోవచ్చు.

మందు మాత్రం రహస్యంగా దొరకదు. నెలన్నర వాడాలి, రక్తం పరీక్ష చేయాలి, డాక్టరమ్మకు నిజం తెలియాలి. నిజం తెలిస్తే రెండు మందలకూ పరీక్షలు, రోగం ఉన్నవాటిని చంపేస్తారు. తోమోర్‌కు మిగిలిన ఆ కాస్త మందలో ఎన్ని మిగులుతాయో చెప్పలేం.

"ఉయంగా," అంది సొలొంగో. "ఆ గొర్రెల్ని నేను పంపలేదు."

"అదేంటి?"

"పరీక్ష నేను చేయించలేదు. గ్లౌజులు వద్దని నేను కబురు పెట్టలేదు. నేను పట్నంలో ఉన్నాను. ఈరోజు నీ దొడ్డిలో చెవులు చూసేదాకా నాకు ఏమీ తెలియదు. మా దొడ్డిలో ఈసుకుపోయిన గొర్రెలవి. నాకు తెలియకుండా దాచడానికి ఇక్కడికి తోలారు."

"నేను చేశాను," అన్నాడు దవా. "నీకు అక్క పేరు చెప్పి అబద్ధమాడింది నేనే. నన్ను తిట్టు ఉయంగా. తోమోర్‌కు ఏమీ తెలియదు. తప్పంతా నాది."

సొలొంగో తల తిప్పి అతన్ని చూసింది. ఇంటి దగ్గర అన్న మాటే. అక్షరం పొల్లుపోలేదు.

ఉయంగ మోచేతి మీద ఆనుకుని లేచి కూర్చుంది. సొలొంగో పట్టుకోబోతే వద్దంది. ఆమె దవా వైపు చూడలేదు. మేకుకు వేలాడుతున్న గ్లౌజుల వైపు చూసింది. ఆ తర్వాత పొయ్యి అవతల నిలబడిన భర్త వైపు చూసింది.

"బావ ఆరోజు లోపలికి రాలేదు," అంది.

తోమోర్ కదల్లేదు.

"గొర్రెల్ని దొడ్డి దగ్గర దింపి అటునుంచి అటే పోయాడు. నాతో ఒక్కమాట మాట్లాడలేదు. బావ ఆరోజు నాతో మాట్లాడలేదక్కా." ఆమె గొంతులో కోపం లేదు. లెక్క సరిపోని మనిషి గొంతులా ఉంది. "నేను గ్లౌజులు వేసుకునే కూర్చున్నాను. నీ పిండి గుర్తొచ్చి వేసుకున్నాను. పిల్ల వీపుకు పూయబోతుంటే నువ్వు వచ్చావు తోమోర్. రబ్బరు వాసనకు గొర్రె పిల్లను ఒప్పుకోదన్నావు. అక్క కబురు పెట్టింది, అవసరం లేదంటోంది అన్నావు. నా చేతుల్లోంచి లాగి నువ్వే ఆ మేకుకు తగిలించావు."

"వాళ్ళు చెప్పిందే నేను..."

"నీకు తెలుసా?"

"పిల్లలు చస్తున్నాయి ఉయంగా. రోజుకొకటి చస్తోంది. నువ్వే ఏడ్చావు వాటిని చూసి."

"నాకు కడుపులో ఒకటుందని కూడా నువ్వు చూశావు. అవి ఈసుకుపోయిన గొర్రెలని నీకు తెలుసా, తెలియదా? అది చెప్పు."

తోమోర్ మేకుకున్న గ్లౌజుల వైపు చూశాడు. బయట దొడ్డిలో ఒక గొర్రె అరిచింది, పిల్ల బదులు పలికింది. ఉయంగ పాట పాడి కలిపిన జంటే కావచ్చు.

ఉయంగ చేయి పైకి చాచి, కర్రకు వేలాడుతున్న సంచిలోంచి ఫోన్ తీసుకుంది. రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కింది. గెర్ అంతటికీ వినబడేలా అవతల గంట మోగడం మొదలైంది.

"ఎవరికి?" అన్నాడు తోమోర్.

"డాక్టరమ్మకు."

"వద్దు. మంద మొత్తం పోతుంది. మనకిక ఏమీ మిగలదు."

"ఇప్పుడేం మిగిలింది?"

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. సొలొంగో లేచి మంచానికి అడ్డంగా నిలబడింది. దవా తలుపు దగ్గర అలాగే ఉన్నాడు. ఇంతసేపూ తప్పంతా నాదన్న మనిషి ఇప్పుడు నేల చూపులు చూస్తున్నాడు.

"హలో," అంది అవతలి నుంచి డాక్టరమ్మ గొంతు. "ఎవరూ? ఉయంగేనా? జ్వరం ఎలా ఉందమ్మా?"

ఉయంగ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుంది కానీ ఇంకా మాట్లాడలేదు. ఆమె భర్త జవాబు కోసం చూస్తోంది. అతను ఆమెను చూడలేదు. ఏం చెప్పమంటావన్నట్టు తోడల్లుడి వైపు చూశాడు.

ఉయంగకు ఆ చూపు చాలు.

"డాక్టరమ్మా," అంది, "ఆరోజు మీకు అబద్ధం చెప్పాను."